అర్ధరాత్రి పంటి పోటు: ఎటు పోవాలి, ఎంతసేపు ఆగొచ్చు?

పళ్ల డాక్టర్‌గా పోయిన నెల ఈ కాలమ్‌లో చిగుళ్ల మీద రాసినప్పుడు చివర్లో ఒక మాట అడిగాను, మన హైదరాబాద్‌లో రాత్రిపూటో, ఆదివారమో, పండగ రోజో పంటితో అవస్థ పడినవాళ్లు ఉంటే ఏం జరిగిందో రాయమని. చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నీ వేయలేను కాబట్టి పదిమందికి పనికొచ్చేవి ఏడు తీసుకున్నాను. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు, ఏరియా మాత్రం ఇస్తున్నాను. మొదటి ఉత్తరం పెద్దదే, అయినా కోయలేదు, ఎందుకంటే ఈ ఊళ్లో చాలామందికి జరిగేది అచ్చంగా ఇదే.

ప్రశ్న: మేడమ్, మాది బోడుప్పల్. రెండు నెలల కింద ఒక శనివారం రాత్రి పదకొండింటికి మా ఆయనకు కింది దవడ పన్ను పోటు మొదలైంది. వేడి టీ తాగితే జివ్వుమంటోందని వారం నుంచీ అంటూనే ఉన్నారు, మేమే పట్టించుకోలేదు. ఒంటిగంటకల్లా మనిషి గోడకు తల ఆనించి కూర్చుండిపోయారు. ఫోన్‌లో వెతికితే ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంటాయని నాలుగైదు డెంటల్ క్లినిక్‌లు చూపించింది. బండి మీద ఉప్పల్ పోతే షట్టర్ వేసుంది. హబ్సిగూడలోనూ అంతే. తార్నాకలో ఒకచోట వాచ్‌మన్ లేచి పొద్దున పదింటికి రమ్మన్నాడు. చివరికి ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రి క్యాజువాల్టీకి పోతే ఇంజెక్షన్ వేసి, రక్తపరీక్షలు చేసి, బిల్లు చేతిలో పెట్టి, పళ్ల డాక్టర్ సోమవారం వస్తారన్నారు. ఇంజెక్షన్ తెల్లారేదాకా కూడా ఆగలేదు. ఆదివారం సాయంత్రం ఎవరో తెలిసినవాళ్లు చెబితే రామంతాపూర్‌లో ఒక చిన్న క్లినిక్‌కి పోయాం. అక్కడ పన్ను తెరిచి నరం తీశాకే ఆయన నిద్రపోయారు. ఆ రాత్రి మేం ఏం చేసి ఉండాల్సింది?

జవాబు: ముందుగా ఒకటి చెబుతాను, ఆ రాత్రి మీ ఆయన పడిన బాధ ఎంత పెద్దదో నాకు తెలుసు, ఆ నొప్పికి గట్టి గట్టి మనుషులు కూడా నా కుర్చీలో ఏడ్చారు. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఆయనకు ప్రాణానికి వచ్చిన ప్రమాదం లేదు. జ్వరమని గానీ, మొహం వాచిందని గానీ, నోరు తెరవలేకపోయారని గానీ మీరు రాయలేదు. అంటే తెల్లారేదాకా ఆగగలిగిన కేసే. ఈ సంగతి తెలియక మీరు అర్ధరాత్రి బండి మీద నాలుగు చోట్లు తిరిగారు.

పంటి లోపల ఉండే నరం చుట్టూ గట్టి గోడే ఉంటుంది. ఒంట్లో ఇంకెక్కడైనా వాపు వస్తే సాగడానికి చోటుంటుంది, పంటిలో ఉండదు, అందుకే ఆ ఒత్తిడి అంత నొప్పి పెడుతుంది. పడుకుంటే తలకు రక్తం ఎక్కువ వస్తుంది కాబట్టి పోటు ఇంకా పెరుగుతుంది. రెండు మూడు దిండ్లు పెట్టుకుని తల ఎత్తుగా ఉంచితే కొంత నయం. వేడి తగిలితే జివ్వుమనే దశకు వచ్చిన పంటికి చల్లటి నీళ్లు పుక్కిట పడితే చాలామందికి కాసేపు ఉపశమనం దొరుకుతుంది. లవంగ నూనె దూదితో పిప్పి ఉన్న చోట అద్దొచ్చు, చిగురు మీద పోయొద్దు, కాలుతుంది. ఆస్పిరిన్ బిళ్ల నలిపి పంటి పక్కన పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, బుగ్గ లోపలి చర్మం తెల్లగా కాలిపోయి నా దగ్గరికి వస్తుంటారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

మందుల విషయం. వేరే జబ్బులు ఏవీ లేని పెద్దవాళ్లయితే ఏదైనా తిన్నాక ఐబుప్రోఫెన్ 400, దానితోపాటు పారాసిటమాల్ 650 వేసుకోవచ్చు. ఈ రెండూ కలిస్తే పంటి నొప్పికి విడిగా వేసుకున్నదానికంటే బాగా పనిచేస్తాయి. ఐబుప్రోఫెన్ మళ్లీ వేసుకోవాలంటే ఎనిమిది గంటలు ఆగండి. పారాసిటమాల్ 650 రోజుకు నాలుగు బిళ్లలు దాటొద్దు. కాంబిఫ్లామ్ లాంటివాటిలో ఈ రెండూ ముందే కలిసి ఉంటాయి, అది వేసుకుని మళ్లీ డోలో, అంటే ఇంకో పారాసిటమాల్ బిళ్ల, వేసుకుంటే ఎంతయిందో లెక్క చూసుకోండి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, ఆస్తమా ఉన్నవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు ఐబుప్రోఫెన్ జోలికి పోవద్దు. వానాకాలంలో జ్వరం కూడా ఉండి డెంగీ అనుమానం ఉంటే అసలు ముట్టొద్దు.

ఇక వెతకడం. ఫోన్‌లో కనిపించే ఆ టైమింగ్స్ మామూలుగా క్లినిక్ వాళ్లు రాసుకున్నవే, ఎవరూ రాత్రి పోయి చూసి రాయలేదు. కాబట్టి బండి తీసేముందు ఫోన్ చేయండి, ఎత్తకపోతే ఆ క్లినిక్ లేనట్టే లెక్క, అటు పోవద్దు. ఎత్తితే ‘తెరిచి ఉందా’ అని అడిగి ఊరుకోకండి, రిసెప్షన్‌లో మనిషి ఉన్నా తెరిచి ఉందనే అంటారు. పళ్ల డాక్టర్ ఇప్పుడు అక్కడ ఉన్నారా, లేకపోతే పిలిస్తే ఎంతసేపట్లో వస్తారు, ఎక్స్‌రే తీస్తారా, ఈ రాత్రికే పన్ను తెరుస్తారా లేక మందులు రాసి పంపుతారా, ఎంత తీసుకుంటారు, ఇవి అడగండి. ఈ ప్రశ్నలకు తిన్నగా జవాబు చెప్పిన చోటికి పది కిలోమీటర్లు ఎక్కువైనా పోవచ్చు.

క్యాజువాల్టీ డాక్టర్‌ని తప్పు పట్టలేం. చాలా క్యాజువాల్టీల్లో పళ్ల కుర్చీ ఉండదు, పన్ను తెరిచే డ్రిల్లు ఉండదు, కాబట్టి వాళ్ల చేతిలో ఉన్నది ఇంజెక్షనే. ఈ రకం పోటుకు యాంటీబయాటిక్స్ కూడా పనిచేయవు, అది చాలామందికి తెలియదు, మెడికల్ షాపులో అడిగి ఐదు రోజుల కోర్సు మింగుతారు. ఇలాంటి నొప్పి పోవాలంటే ఆ పంటిని తెరిచి లోపలి ఒత్తిడి తీయాలి, లేదంటే పన్ను తీసేయాలి. రామంతాపూర్ డాక్టర్ చేసింది అదే. చిన్న క్లినిక్ అయితేనేం, మీ ఆయనకు కావాల్సిన పని అక్కడ జరిగింది.

మీకే కాదు, అందరికీ నా విన్నపం ఇది. మీ ఇంటికి దగ్గర్లో సాయంత్రాలు, ఆదివారం ఒకపూటైనా చూసే పళ్ల డాక్టర్ ఎవరో పన్ను బాగున్నప్పుడే కనుక్కుని, ఒకసారి క్లీనింగ్‌కి పోయి, నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి. తెలిసిన పేషెంట్ రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఏ మందు వేసుకోవాలో చెప్పే డాక్టర్లు ఈ ఊళ్లో ఎందరో ఉన్నారు. సంక్రాంతికి ఊరు సగం ఖాళీ అయినప్పుడు, క్లినిక్‌లు కూడా మూడు రోజులు మూసినప్పుడు ఈ ఒక్క నంబరే ఆదుకుంటుంది. ఊరికి పోయేముందు పిప్పి పన్ను ఉంటే చూపించుకునే పొండి.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. కూకట్‌పల్లిలో మా కాలనీలో క్రికెట్ ఆడుతుంటే బాల్ తగిలి ముందు పన్ను వేరుతో సహా ఊడి కింద పడింది. నేను పన్నుకు అంటిన మట్టిని చేతిరుమాలుతో బాగా తుడిచి, అందులోనే చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఆదివారం కావడంతో డాక్టర్ దొరికేసరికి సాయంత్రం ఐదయింది, అప్పటికి ఆరు గంటలు గడిచాయి. ముందే పాలలో వేసి తెచ్చి ఉంటే బాగుండేదని ఆయన అన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఇది నా తప్పేనా?

జవాబు: మీకు ఎవరూ చెప్పలేదు, స్కూల్లో పీఈటీ సార్లకు కూడా చాలామందికి తెలియదు. తప్పని మనసులో పెట్టుకోకండి, కానీ మీరు రాసినందువల్ల ఇంకొక పిల్లాడి పన్ను నిలుస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. ఈ కాలమ్‌లో ఒక్క ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకోవాలంటే ఇదే అంటించుకోండి.

వేరు మీద కంటికి కనపడని పల్చటి పొర ఉంటుంది. పన్ను మళ్లీ ఎముకకు అతుక్కోవాలంటే ఆ పొరలోని కణాలు బతికి ఉండాలి. ఎండితే చస్తాయి, తుడిస్తే చస్తాయి, మామూలు నీళ్లలో నానబెట్టినా చస్తాయి. అందుకని ఊడిన పంటిని తెల్లగా కనిపించే పై భాగం దగ్గరే పట్టుకోవాలి, వేరును ముట్టుకోకూడదు. మట్టి అంటితే పాలతోనో, కుళాయి కింద పది సెకన్లు మించకుండానో కడగాలి, రుద్దకూడదు. వెంటనే, అక్కడికక్కడే, పన్ను ఊడిన గుంటలోనే ముందు వైపు ముందుకు వచ్చేలా మెల్లగా నొక్కి పెట్టి, శుభ్రమైన గుడ్డ మీద కొరికి పట్టుకోమనాలి. వినడానికి భయంగా ఉంటుంది, కానీ ఇంతకు మించిన వైద్యం లేదు, దీన్ని అరగంటలోపు ఎవరు చేసినా డాక్టర్ చేసిన దానితో సమానం.

పెట్టడానికి ధైర్యం చాలకపోతే, పిల్లాడు పెట్టనివ్వకపోతే, పక్క కిరాణా కొట్టులో చల్లటి పాల ప్యాకెట్ కొని ఒక గిన్నెలో పోసి అందులో పన్ను వేసి పరుగెత్తండి. పాలు కూడా లేకపోతే పిల్లాడినే ఒక చిన్న డబ్బాలో ఉమ్మమని ఆ ఉమ్ములో వేయండి. పొడిగా గంట దాటితే ఆ పొర బతికే ఆశ దాదాపు పోతుంది. అయినా డాక్టర్ దగ్గరికి పన్ను తీసుకునే పోవాలి, ఎదిగే పిల్లల్లో ఎముక కుంచించుకుపోకుండా కొన్నేళ్లు కాపాడటానికి ఆలస్యమైన పన్నును కూడా తిరిగి పెడతారు. మీ బాబు విషయంలో ఆ డాక్టర్ పెట్టారా లేదా మీరు రాయలేదు. పెట్టి ఉంటే పక్క పళ్లకు కట్టిన తీగ ఎప్పుడు తీయాలో, రూట్ కెనాల్ ఎప్పుడో ఆయన చెప్పిన తేదీలు తప్పొద్దు. పెట్టకపోయినా దిగులు పడకండి, తాత్కాలికంగా పన్ను అమర్చి చోటు కాపాడతారు, పద్దెనిమిదేళ్లు దాటి ఎదుగుదల ఆగాక శాశ్వతంగా పెట్టే మార్గాలున్నాయి.

ఇదంతా శాశ్వత పళ్లకే. ముందు పళ్లు సాధారణంగా ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్ల మధ్య మారతాయి, అంతకంటే చిన్న పిల్లల పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు, కింద తయారవుతున్న పన్నుకు దెబ్బ తగులుతుంది. డాక్టర్‌కు మాత్రం చూపించండి. పన్ను విరిగితే ఆ ముక్కను కూడా పాలలో వేసి తీసుకుపోండి, చాలాసార్లు అదే ముక్కను అతికిస్తాం. ఇంకొకటి, దెబ్బ తర్వాత పిల్లాడు వాంతి చేసుకున్నా, మగతగా ఉన్నా, కాసేపు స్పృహ తప్పినా పంటి సంగతి పక్కన పెట్టి తలకు స్కాన్ తీసే పెద్దాస్పత్రికే నేరుగా పోవాలి. చివరి టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో కూడా చెప్పండి.

ప్రశ్న: మా అత్తమ్మకు అరవై రెండేళ్లు, షుగర్ ఉంది. కింది దవడ పన్ను పది రోజులు సలిపింది, మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చి ఇచ్చాం. తర్వాత నొప్పి తగ్గిందన్నారు, హమ్మయ్య అనుకున్నాం. ఇప్పుడు గడ్డం కింద వాచింది, గట్టిగా ఉంది, అన్నం మింగడం కష్టంగా ఉందంటున్నారు. నొప్పి పెద్దగా లేదంటున్నారు కాబట్టి వచ్చే వారం చూపిద్దామనుకుంటున్నాం. వేడి కాపడం పెట్టొచ్చా? - మలక్‌పేట

జవాబు: ఈ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి నాలుగు రోజులైంది. చదవగానే అందులో ఉన్న నంబర్‌కు ఫోన్ చేశాను. అదృష్టం, అంతకు ముందు రోజే ఆమె నోరు తెరవలేక, ఉమ్ము మింగలేక కారుస్తుంటే ఇంట్లోవాళ్లు ఆస్పత్రిలో చేర్చారు, బయట కోసి చీము తీశారు, ఇప్పుడు కోలుకుంటున్నారు. ఆ ఇంటివాళ్ల అనుమతితోనే ఇది వేస్తున్నాను.

ఈ ఇంట్లో మోసం చేసింది నొప్పి తగ్గడమే. లోపల నరం చచ్చిపోతే పోటు ఆగుతుంది. చీము ఎముకలోంచి దారి చేసుకుని బయటికి వస్తే ఒత్తిడి తగ్గి ఇంకా హాయిగా అనిపిస్తుంది. కానీ ఆ చీము ఎటు పోతోందన్నదే అసలు ప్రశ్న. కింది వెనక పళ్ల వేర్లు చాలా లోతుకు దిగి ఉంటాయి, వాటి చీము గడ్డం కిందికి, నాలుక కిందికి, మెడలోకి పాకితే నాలుక పైకి లేచి ఊపిరి దారి మూసుకుపోతుంది. గంటల్లో జరగొచ్చు. షుగర్ అదుపులో లేనివాళ్లలో ఇంకా తొందరగా పాకుతుంది.

అందుకని ఇవి గుర్తు పెట్టుకోండి. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోవడం, మింగలేకపోవడం, ఉమ్ము కారడం, నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు గొంతు మారడం, నాలుక కింద ఉబ్బడం, గడ్డం కింద రెండు వైపులా గట్టిగా వాయడం, పై పన్నయితే వాపు కన్ను మూసుకునేదాకా రావడం, వీటితో చలిజ్వరం. ఏ ఒక్కటి కనిపించినా డెంటల్ క్లినిక్ వెతకొద్దు. ఐసీయూ ఉన్న ఆస్పత్రికి పోవాలి. ఉస్మానియా, గాంధీ క్యాజువాల్టీలు రాత్రింబవళ్లూ చూస్తాయి. ప్రైవేటుకు పోయేటట్టయితే నోరు, దవడ ఆపరేషన్లు చేసే ఓరల్ సర్జన్ గానీ, ఈఎన్‌టీ సర్జన్ గానీ పిలిస్తే వస్తారా అని దారిలోనే ఫోన్ చేసి అడగండి. ఊపిరి ఇబ్బందిగా ఉంటే 108కి ఫోన్ చేయండి, 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైన సర్వీసు అది, దారిలో ఆక్సిజన్ పెడతారు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టే తీసుకుపోండి.

కాపడం సంగతి అడిగారు. పంటి వాపుకు బయట నుంచి వేడి కాపడం వద్దు, చీమును బయటి చర్మం వైపు లాగుతుంది. మెడికల్ షాపు బిళ్లలతో పది రోజులు నెట్టుకురావడం కూడా వద్దు. చీము ఉన్నప్పుడు యాంటీబయాటిక్ అవసరమే, కానీ అది డాక్టర్ రాయాలి, చీమును బయటికి తీయనిదే ఆ మందు ఒక్కటే పని పూర్తి చేయలేదు.

ప్రశ్న: మా నాన్నగారు గుండెకు స్టెంట్ వేయించుకున్నారు, రక్తం పలుచబడే బిళ్లలు వాడతారు. పన్ను తీయించుకుని వచ్చాక రాత్రంతా ఉమ్మినప్పుడల్లా రక్తమే. బిళ్లలు ఆపేయమంటారా? - అల్వాల్

జవాబు: ఆపొద్దు. స్టెంట్ ఉన్నవాళ్లు ఆ బిళ్లలు సొంతంగా ఆపితే వచ్చే ప్రమాదం పంటి రక్తం కంటే చాలా పెద్దది, ఆపాలా వద్దా అన్నది గుండె డాక్టర్ ఒక్కరే చెప్పాలి. ఇంట్లో చేయాల్సింది ఒత్తిడి పెట్టడం. శుభ్రమైన గుడ్డనో, గాయాలకు కట్టే గాజ్ గుడ్డనో తడిపి, మందంగా మడిచి, సరిగ్గా ఆ గుంట మీద పెట్టి అరగంట గట్టిగా కొరికి పట్టుకోవాలి, మధ్యలో తీసి చూడకూడదు. ఉమ్మడం, పుక్కిలించడం మానాలి, ఉమ్మినప్పుడల్లా గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. ఉమ్ములో ఎర్రగా కనిపించినదంతా రక్తం అనుకుని భయపడొద్దు, రెండు చుక్కలు కలిసినా నోరంతా ఎర్రబడుతుంది. రెండుసార్లు అరగంట చొప్పున పట్టినా ఆగకుండా నోరు నిండుతుంటే ఏ వేళైనా సరే ఆస్పత్రికే.

ప్రశ్న: నాకు ఏడో నెల. పన్ను పోటు భరించలేకపోతున్నాను. కాన్పు అయ్యేదాకా ఓర్చుకోమని ఇంట్లో పెద్దవాళ్లంటున్నారు. - కొత్తపేట

జవాబు: ఓర్చుకోవాల్సిన పని లేదమ్మా. మామూలు పంటి వైద్యానికి నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు అనువుగా ఉంటుందంటారు, అత్యవసరమైతే ఏ నెలలోనైనా చేస్తాం. పన్ను మొద్దుబారడానికి ఇచ్చే లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ గర్భిణులకు వాడదగిందే. ఎక్స్‌రే తప్పనిసరైతే పొట్ట మీద సీసపు ఏప్రాన్ కప్పి ఒకటి తీయొచ్చు. పంటిలో చీము పెట్టుకుని నిద్ర, తిండి లేకుండా ఉండటమే మీకూ బిడ్డకూ మంచిది కాదు. ఈ నెలల్లో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రం ముట్టొద్దు, మీ గైనకాలజిస్టుకు చెప్పి పారాసిటమాల్ వాడండి. కుర్చీలో పూర్తిగా వెనక్కి పడుకోబెడితే కళ్లు తిరగొచ్చు, కుడి నడుము కింద చిన్న దిండు పెట్టి కాస్త ఎడమకు ఒరిగేలా పడుకోబెట్టమని అడగండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: నేను ఆటో నడుపుతాను, యూసుఫ్‌గూడ. ప్రైవేటులో రూట్ కెనాల్, క్యాప్ కలిపి తొమ్మిది వేలు చెప్పారు. నా దగ్గర అంత లేదు. సర్కారు దవాఖానలో పంటికి చూస్తారా, లేక పీకేసి పంపిస్తారా?

జవాబు: చూస్తారన్నా, బాగా చూస్తారు. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రిని ఆనుకునే గవర్నమెంట్ డెంటల్ కాలేజీ, ఆస్పత్రి ఉంది, 1959 నుంచి ఉంది. నేను చదివింది అక్కడే, నా చేతికి పని నేర్పింది అక్కడికి వచ్చిన మీలాంటి మనుషులే, కాబట్టి ఆ భవనం గురించి ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు బాధేస్తుంది. పళ్లు తీయడానికి ఒక విభాగం, రూట్ కెనాల్, ఫిల్లింగ్‌లకు ఒకటి, చిగుళ్లకు ఒకటి, పిల్లలకు ఒకటి, కట్టుడు పళ్లకు ఒకటి, ఇలా విడివిడిగా ఉంటాయి. నిలిచే పన్నును ఊరికే పీకరు. పీజీ చేస్తున్న డాక్టర్లు, వాళ్ల వెనక ప్రొఫెసర్లు ఉంటారు. పని మెల్లగా, ఒక్కో మెట్టూ సరిచూసుకుంటూ చేస్తారు కాబట్టి నాలుగైదు సార్లు తిరగాల్సి రావచ్చు. మీకు ఆటో ఆపితే ఆ పూట కూలి పోతుంది, అది చిన్న విషయం కాదని నాకు తెలుసు. మొదటిరోజే ‘పోటు ఆగేలా ముందు పన్ను తెరవండి, మిగతాది నాకు వీలైన రోజుల్లో వస్తాను’ అని చెప్పుకోండి, అర్థం చేసుకుంటారు.

ఓపీ పొద్దున పూటే, ఆదివారం ఉండదు. ఎనిమిదిన్నరకల్లా చీటీ లైన్లో ఉంటే మధ్యాహ్నంలోపు పని అవుతుంది. ఆధార్ కార్డు, వాడుతున్న మందుల చీటీలు పట్టుకుపోండి, ఏదైనా తినే పోండి. అఫ్జల్‌గంజ్‌లో ఆటో పెట్టుకోవడానికి చోటు దొరకదని మీకు నేను చెప్పాలా, మెట్రోలో ఎంజీబీఎస్‌లో దిగితే నడిచిపోయే దూరమే. అటువైపు వీలుకాకపోతే గాంధీ ఆస్పత్రిలో కూడా పంటి విభాగం ఉంది. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో, అంటే దిల్‌సుఖ్‌నగర్ కమలానగర్‌లోని పనినీయ లాంటి చోట్ల, బయటి క్లినిక్‌ల కంటే తక్కువ ఫీజుకు చేస్తారు. మీ బస్తీ దవాఖానలో పన్ను తీయరు గానీ బీపీ, షుగర్ చూసి నొప్పికి సరైన మందు ఇస్తారు, ఆ రెండూ చూపించుకుని పోతే డెంటల్ కాలేజీలో ఒక తిరుగుడు తగ్గుతుంది. ఫుట్‌పాత్ మీద వంద రూపాయలకు పన్ను కట్టేవాళ్లు, పీకేవాళ్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తారు, వాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దన్నా. ఒకరి నోట్లో పెట్టిన పనిముట్టు సరిగా మరిగించకుండా ఇంకొకరి నోట్లో పెడితే కామెర్ల వైరస్‌లు అంటుతాయి.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ఎడమవైపు కింది దవడ లాగుతుంది. అన్నం తినేటప్పుడు ఏమీ ఉండదు, మెట్రో మెట్లు ఎక్కితే మొదలవుతుంది, రెండు నిమిషాలు నిలబడితే పోతుంది. పళ్ల డాక్టర్ ఎక్స్‌రే తీసి పళ్లు బాగున్నాయన్నారు. ఇంకో డెంటిస్టును చూడమంటారా? - ఎల్బీనగర్

జవాబు: వద్దు. మీకు కావాల్సింది గుండె డాక్టర్. నడిస్తే వచ్చి, ఆగితే పోయే దవడ నొప్పి గుండెకు రక్తం చాలడం లేదనడానికి గుర్తు కావచ్చు, ఛాతీలో నొప్పి లేకుండా దవడలో ఒక్కచోటే రావడం కూడా ఉంది. ఇది చదివిన రోజే ఈసీజీ తీసే చోటికి పోండి, ఒంటరిగా బండి నడుపుకుంటూ పోవద్దు, ఇంట్లో ఒకరిని తోడు తీసుకెళ్లండి. ఈసీజీ మామూలుగా ఉందని చెప్పి పంపించినా, మెట్లెక్కితే వస్తోందన్న మాట మళ్లీ చెప్పి కార్డియాలజిస్టును కలిసే రండి, ఎందుకంటే కూర్చుని తీసిన ఈసీజీలో అన్నిసార్లూ దొరకదు. ఈలోపు కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆ నొప్పి వచ్చి చెమటలు పడితే, ఆయాసం వస్తే, అది అర్ధరాత్రి అయినా సరే 108కే ఫోన్ చేయండి. మీ ఉత్తరంలో నంబర్ లేదు, అందుకే ఈ పేజీని ఆలస్యం చేయకుండా ప్రెస్‌కు పంపించమని ఎడిటర్‌గారిని అడిగాను.